పెద్ద వీధి మీద ఆక్షేపణలు

డ్రైవింగ్ స్కూలు, పెద్ద వీధి
మార్చి 3

మరదలికి,

పెద్ద వీధిలో ఇక కార్లు తిరగకుండా చేస్తామని మీ ఊరి నుంచి మీ ఆఫీసు వాళ్లు వచ్చి మా గుమ్మం ముందు స్తంభానికి నోటీసు అంటించి వెళ్లారు. కింద సంతకం నీది. ఆక్షేపణలు ఉంటే రాసి పంపాలట, ఫోనులో చెబితే చెల్లదట. అందుకే ఫోను చెయ్యడం లేదు. ఇది ఆక్షేపణ.

ముప్ఫై ఒక్కేళ్లుగా ఈ వీధిలో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. మీ అన్నయ్యగారు పోయినప్పుడు ఒక్క వారం మూశాను, అంతే. ఈ ఊళ్లో స్టీరింగు పట్టుకున్న ప్రతివాళ్లూ మొదట నా పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్లే. కార్లు తిరగని వీధిలో కారు నేర్పే స్కూలు ఏం చెయ్యాలో నీ నోటీసులో లేదు. చెరువు పూడ్చేసి ఈత నేర్పుకోమన్నట్టుంది.

'కర్బన ఉద్గారాలు తగ్గిన ఆవాసయోగ్య పట్టణం' అని పైన పెద్ద అక్షరాల్లో వేశారు. అంటే ఏమిటని రొట్టెల కొట్టాయన నన్నడిగాడు. పొగ తగ్గిస్తారట అని చెప్పాను. "ఆ ముక్కే రాస్తే వీళ్ల సొమ్మేం పోయింది?" అన్నాడు. ఇది ఆయన ఆక్షేపణ. ఆయనకు రాయడం బద్ధకం కాబట్టి నా దాంట్లో కలుపుతున్నాను.

పదకొండేళ్ల కిందట నీకు కారు నేర్పబోయి, నా వల్ల కాదని వదిలేశాను. ఆ కసి ఇప్పుడు ఇలా తీర్చుకుంటున్నావని ఊళ్లో కొందరు అంటున్నారు. ఆ కొందరూ నేనే.

నా తమ్ముణ్ణి అడిగాను. "నువ్వు చెప్పేదీ నిజమే అక్కా, ఆవిడ చెప్పేదీ నిజమే" అన్నాడు. చిన్నప్పటి నుంచీ వాడు గోడ మీద పిల్లే. గోడ ఎటు కూలుతుందో తెలిసేదాకా దిగడు.

జవాబు రాతపూర్వకంగా ఇవ్వాలి.

వదిన

*

జిల్లా పట్టణ ప్రణాళికా కార్యాలయం, మూడో అంతస్తు
మార్చి 11

గౌరవనీయులైన ఆక్షేపణదారు గారికి,

మీ లేఖ అందినది. ఆక్షేపణ నంబరు 1గా నమోదు చేయడమైనది. పథకంపై వచ్చిన ప్రతి ఆక్షేపణకూ తుది నిర్ణయానికి ముందు కారణాలతో సహా సమాధానం ఇవ్వబడును.

పైది టైపిస్టు రాసింది. కింద నేను రాస్తున్నాను.

వదినగారూ, నమస్కారం. కసి తీర్చుకోవడానికి ఎవరైనా నాలుగేళ్లు మ్యాపులు గీస్తారా? మీ తమ్ముడు అదే అడిగాడు. తర్వాత కాసేపు ఆలోచించి, "నువ్వైతే గీస్తావు" అన్నాడు.

పథకం ఇదీ. పెద్ద వీధి తొమ్మిది వందల మీటర్లు. అందులో కార్లు ఉండవు. కరెంటుతో నడిచే బస్సు పది నిమిషాలకొకటి వస్తుంది. రెండు పక్కలా నీడనిచ్చే చెట్లు. రెండు వందల కార్లు నిలబడి ఎండుతున్న మైదానంలో ఇళ్లు కడతాం, కింద కొట్లు, పైన కాపురాలు. పాలకూ మందులకూ బడికీ ఎవరూ పావుగంట కంటే ఎక్కువ నడవక్కర్లేదు. పొగ సగం తగ్గుతుంది. రొట్టెల కొట్టాయన చెప్పిన మాట మా పెద్దసారుకు చెప్పాను. 'పొగ' అంటే శాస్త్రీయంగా ఉండదట.

మీ స్కూలు గురించి పథకంలో లేదన్న మాట నిజం. ఉండాల్సింది. దానికి నా దగ్గర జవాబు లేదు. 'పరిశీలనలో ఉంది' అని రాయమన్నారు గానీ మీకు ఆ మాట రాయబుద్ధి కాలేదు.

మీ మరదలు

*

పెద్ద వీధి
ఏప్రిల్ 14

మరదలికి,

వీధిలో కొట్లవాళ్లంతా ఒక సంఘం పెట్టుకుని నన్ను పెద్దను చేశారు. నాకు గొంతు పెద్దదనీ, పథకం గీసినావిడకు నేను వదిననవుతాననీ రెండు అర్హతలు చెప్పారు. ఇనప సామాన్ల కొట్టాయన మూడోది కూడా చెప్పాడు, నాకు వేరే పని లేదని. అతన్ని తర్వాత చూసుకుంటాను.

ఇక ఆక్షేపణలు. ఆస్పత్రి ముందు రోడ్డు దాటడానికి పచ్చ లైటు పద్నాలుగు సెకన్లు వెలుగుతుంది. మా పక్కింటి టైలరు గారికి అది దాటడానికి ఇరవై రెండు కావాలి. లెక్కపెట్టాను. మిగిలిన ఎనిమిది సెకన్లూ ఆయన నడిరోడ్డు మీద దేవుడి మీద భారం వేసి నడుస్తున్నాడు. నీ మ్యాపులో ఆ లైటు ఉంది గానీ టైలరు గారు లేడు.

మా గుమ్మం నుంచి మందుల కొట్టుకు పదకొండు వందల అడుగులు. మధ్యలో కూర్చోవడానికి ఒక్క బల్ల లేదు. బ్యాంకు మెట్ల మీద కూర్చుంటే కాపలా అతను లేవమంటాడు. పోస్టాఫీసు దగ్గర అరుగు ఉండేది, ఎవరూ కూర్చోకుండా దానికి ఇనప ముళ్లు దిగేశారు. పేవ్‌మెంటు ఒకచోట జానెడు, ఒకచోట మూరెడు ఎత్తు. దిగేటప్పుడు నేల ఎక్కడుందో కాలుకే తెలియాలి. చెట్లు పెడతానన్నావు. చెట్టు కింద కూర్చునే వీలు లేకపోతే అది కాకుల కోసం పెట్టినట్టే.

కారులో వెళ్లక ఎందుకు నడిచావని అడగకు. బండి సర్వీసింగుకు ఇచ్చాను.

వదిన

*

ప్రణాళికా కార్యాలయం
ఏప్రిల్ 25

వదినగారికి,

మీవి ఆక్షేపణలు 2 నుంచి 9 దాకా నమోదు చేశాం. పచ్చ లైటు ఇరవై నాలుగు సెకన్లకు మార్చాను. బల్లలు పథకంలో పదహారు ఉండేవి, మొత్తం గడియార స్తంభం చుట్టూనే పెట్టారు, ఫొటోకు బాగుంటుందని. వాటిని వీధి పొడుగునా పంచాను. పేవ్‌మెంటు ఒకే ఎత్తున ఉంటుంది. టైలరు గారిని మ్యాపులో పెట్టడం కుదరలేదు.

ఇప్పుడు నేను చెప్పబోయే మాట నా ఉద్యోగంలో ఉన్నవాళ్లు చెప్పకూడదు. చదివి చించెయ్యండి.

మా పెద్దసారుకు ప్రారంభోత్సవం తొందర ఎక్కువైంది. బస్సులు ఆలస్యమవుతాయి కాబట్టి వాటిని 'రెండో దశ'లోకి నెట్టేద్దామంటున్నారు. పదిహేనేళ్ల సర్వీసులో నేను రెండో దశ అన్నది ఎక్కడా చూడలేదు. అంటే రాళ్లు పరిచి, కుండీలు పెట్టి, కార్లు ఆపేసి, రిబ్బను కత్తిరిస్తారు. నడవలేనివాళ్లు ఇంట్లో కూర్చుంటారు. ఆ తర్వాత ఎవరూ రాని వీధిని చూపించి, ఇలాంటి పథకాలు మన ఊళ్లకు పనికిరావని ఇరవై ఏళ్లు చెప్పుకుంటారు.

మాలో మేం ఎంత మొత్తుకున్నా లాభం లేదు. బయటి నుంచి రాతపూర్వకంగా వచ్చినదానికి మాత్రం జవాబు చెప్పి తీరాలి. కాబట్టి మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను, నా పథకాన్ని ఇంకా గట్టిగా ఆక్షేపించండి. బస్సు గురించి ఆక్షేపించండి.

మీ అక్షరాలు ఈమధ్య బాగా పెద్దవయ్యాయి. కోపమా?

మీ మరదలు

*

పెద్ద వీధి
మే 6

మరదలికి,

నేను రాసేది నీ పథకాన్ని చెడగొట్టడానికి. నువ్వు దాన్ని బాగుచేసుకుంటున్నావు. ఇదేం న్యాయం? ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అనలేదు.

అయినా బస్సు మాట వేరు. దీనితో ముప్ఫై ఎనిమిది కాగితాలు పంపుతున్నాను. ఒక్కో కాగితం మీద ఒక్కో మనిషి. పొద్దున ఆరింటికి ఆస్పత్రిలో డ్యూటీ ఎక్కాల్సిన నర్సు. మోకాళ్లు అరిగిన లైబ్రేరియను. కవలపిల్లల తల్లి, ఆవిడకు రెండు చేతులే ఉన్నాయి. బస్సు లేకుండా వీధి మూస్తే వాళ్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎలా వెళ్లాలో ఒక్కొక్కరి కింద ఒక్కో ప్రశ్న రాశాను. మీ పెద్దసారును ముప్ఫై ఎనిమిది జవాబులూ రాయమను. టైపిస్టుకు నా సానుభూతి చెప్పు.

కాగితాలన్నీ పళ్ల డాక్టరు గారి భార్య చేత రాయించాను. నా చేతికి నొప్పిగా ఉంది.

ఇక రెండో సంగతి. నిన్న నా తమ్ముడు ఫోనులో నోరు జారాడు. నువ్వు పొద్దున్నే కారు నేర్చుకోవడానికి వెళ్తున్నావట! పెద్ద వీధిలో కార్లు వద్దని సంతకం పెట్టిన చేత్తో స్టీరింగు పట్టుకుంటున్నావట. దానికి నాకేం బాధ లేదు. మనుషులు ఒకటి చెప్పి ఒకటి చెయ్యడం నాకు కొత్త కాదు. వేరే మాస్టారు దగ్గర నేర్చుకుంటున్నావు చూడు, అదీ బాధ.

ఎవడు వాడు? క్లచ్చు మీంచి కాలు ఎప్పుడు తియ్యమంటున్నాడు?

వదిన

*

ఇంటి నుంచి
మే 15

వదినగారికి,

ఇది ఆఫీసు నుంచి రాయదగ్గ ఉత్తరం కాదు కాబట్టి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

నిజమే. జనవరి నుంచీ నేర్చుకుంటున్నాను. రెండుసార్లు పరీక్ష తప్పాను. మొదటిసారి బండిని వెనక్కి నడపమంటే ముందుకు నడిపాను. రెండోసారి వెనక్కే నడిపాను గానీ పరీక్షాధికారి ఇంకా ఎక్కలేదు.

మేం ఇల్లు మారిన సంగతి మీకు తెలుసు. ఎక్కడికో మీ తమ్ముడు చెప్పి ఉండడు. మా ఊరి చివర కొత్త కాలనీ. ఇల్లు బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి, పెరట్లో రెండు మొక్కలు కూడా వేశాం. పాలప్యాకెట్టు కొనాలంటే మూడు కిలోమీటర్లు. బస్సు గంటకొకటి, వచ్చినరోజున. ఇలాంటి కాలనీలు కట్టకూడదని మా పథకం నలభై మూడో పేజీలో రాసింది నేనే. ఆ పేజీ రాయడానికి రోజూ పోనూ రానూ మూడు గంటలు రోడ్డు మీదే గడిపాను. ఆఫీసుకు దగ్గర్లో మేం ఉండగలిగే ఇల్లు రెండేళ్లు వెతికినా దొరకలేదు.

మీ దగ్గరికి ఎందుకు రాలేదంటే, పదకొండేళ్ల కిందట మీరు బండి దిగి తలుపు వేసిన చప్పుడు నాకు ఇంకా వినబడుతోంది. ఈ మాస్టారు తలుపు మెల్లగా వేస్తాడు. నేర్పడం మాత్రం మీలా రాదు.

ఇప్పుడు నా సంగతి చెప్పేశాను కాబట్టి మీ సంగతి అడుగుతాను. ఏప్రిల్లో బండి సర్వీసింగుకు ఇచ్చానన్నారు. ఇప్పుడు చేతికి నొప్పంటున్నారు. మొన్నటి ఉత్తరంలో నాలుగు వాక్యాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఏ షెడ్డులోనైనా ఒక బండి నెల రోజులు సర్వీసింగులో ఉంటుందా?

మీ మరదలు

*

పెద్ద వీధి
మే 24

మరదలికి,

బండి సర్వీసింగులో లేదు. మా షెడ్డులోనే ఉంది. ఫిబ్రవరి రెండో వారం నుంచీ అక్కడే ఉంది.

ఆరోజు పళ్ల డాక్టరు గారి భార్య నడుపుతోంది. రెండేళ్లుగా నేర్చుకుంటోంది, నేను చెప్పందే ఒక్కసారి కూడా బ్రేకు తొక్కిన మనిషి కాదు. ఆస్పత్రి దగ్గర ఉన్నట్టుండి తొక్కింది. గట్టిగా, సరిగ్గా. నాకు ఎంత సంతోషమైందంటే, "భేష్, ఇప్పటికి నేర్చుకున్నావు. ఎందుకు తొక్కావు?" అని అడిగాను.

"అదేంటండీ, టైలరు గారు ఎదురుగా ఉన్నారుగా" అంది.

నేను చూశాను. రోడ్డు ఉంది. అటూ ఇటూ కొట్లున్నాయి. టైలరు గారు లేడు. తల కొంచెం పక్కకు తిప్పితే అప్పుడు వచ్చాడు, చేతిలో సంచీతో సహా. బంపరుకూ ఆయనకూ మధ్య రెండడుగులు.

నా కాలి కింద కూడా బ్రేకు ఉంది మరదలా. టీచరు సీటు కింద రెండో బ్రేకు ఉండేదే అందుకు. నేను తొక్కలేదు. తొక్కాలని నాకు తెలియలేదు.

బండి పక్కన పెట్టించి, ఈరోజుకు చాలని చెప్పి, ఇంటికి నడిచి వచ్చాను. కారులో నాలుగు నిమిషాల దారి. యాభై నిమిషాలు పట్టింది. అప్పుడే సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

కంటి డాక్టరు చూపు మధ్యలో మచ్చ ఉందన్నాడు. అంచులు ఉంటాయట, నడిమి భాగం పోతుందట. మనిషి ఎదురుగా నిలబడితే చెవులు రెండూ కనబడతాయి, మొహం ఉండదు. తగ్గదన్నాడు. పెరగడం మెల్లగా పెరుగుతుందన్నాడు, అదేదో వరం ఇచ్చినట్టు.

మార్చిలో నీ నోటీసు వచ్చింది. స్తంభం పక్క నుంచి చూసి చదువుకోవడానికి పావుగంట పట్టింది. చదివాక, నిజం చెబుతున్నాను, ప్రాణం లేచి వచ్చింది. స్కూలు అప్పటికే పోయింది. దాన్ని నువ్వు మూయించావని ఊరంతా అనుకుంటే నాకు హాయిగా ఉండేది. నా కళ్లు మూయించాయని చెప్పుకోవడం కంటే మరదలు మూయించిందని చెప్పుకోవడం ఎంతో మర్యాద. అందుకే అంత కోపంగా రాశాను. రోజూ స్కూలు తలుపు తీస్తున్నాను, బల్ల తుడుస్తున్నాను, వచ్చినవాళ్లకు ఖాళీ లేదని చెబుతున్నాను, మూస్తున్నాను.

నా తమ్ముడికి చెప్పకు. నువ్వు కూడా పరిగెత్తుకు రాకు. ఇకమీదట పెద్ద అక్షరాలతో రాయి.

వదిన

*

ఇంటి నుంచి
మే 29

వదినగారికి,

పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. తక్కువ రాస్తాను.

రావద్దన్నారు కాబట్టి రావడం లేదు. రెండుసార్లు రైల్వే స్టేషను దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మీ తమ్ముడికి చెప్పలేదు. ఆయన మాత్రం మూడు రోజులుగా "అక్క బాగానే ఉందా?" అని అడుగుతున్నాడు. బాగానే ఉన్నారని చెబుతున్నాను. ఇలా ఎన్నాళ్లు చెప్పమంటారో చెప్పండి.

స్కూలు నేనే మూయించానని చెప్పుకోండి. నాకేం అభ్యంతరం లేదు. అందరి చేతా ఎలాగూ తిట్లు తింటున్నాను, ఇదొకటి ఎక్కువ కాదు.

బహిరంగ విచారణ జూలై 10న, టౌను హాల్లో. నేను ఉండను. సంఘం పెద్ద నాకు వదిన అవుతుందని ఎవరో పెద్దసారుకు చెప్పారు. ఇందులో నాకు స్వలాభం ఉందట. ఏ పక్షాన ఉందో ఆయన చెప్పలేకపోయారు గానీ, ఆరోజు నన్ను వేరే ఊరు పంపుతున్నారు, మురుగుకాలవల తనిఖీకి.

మీరేం చెప్పాలో నేను చెప్పను. సంఘం మిమ్మల్ని నమ్మి పంపుతోంది. వాళ్ల మాటే చెప్పండి. టైలరు గారికి మాత్రం ఆ విషయం చెప్పండి, వదినగారూ. మీరు ఒక్కరే మోయలేరు.

మీ మరదలు

*

పెద్ద వీధి
జూన్ 8

మరదలికి,

టైలరు గారికి చెప్పాను. వాళ్ల కొట్లో నిలబడి, "ఫిబ్రవరిలో నేను మిమ్మల్ని చంపబోయాను" అన్నాను.

ఆయన నోట్లో సూదులు తీసి, "ఎప్పుడు?" అన్నాడు.

"ఆస్పత్రి దగ్గర. మీరు రోడ్డు దాటుతున్నారు."

"మీ బండి ఆగిందిగా?"

"ఆగింది. నేను ఆపలేదు."

"ఎవరు ఆపితే ఏమిటమ్మా, ఆగింది కాబట్టేగా దాటాను" అని మళ్లీ సూదులు నోట్లో పెట్టుకున్నాడు.

నాలుగు నెలలు నిద్ర లేకుండా దొర్లింది దీని కోసమా అనిపించింది. గుమ్మం దిగుతుంటే వెనకాలే వచ్చి, ఏమీ అడగకుండా మా ఇంటిదాకా పక్కనే నడిచాడు. ఆయన నడక ఎంత మెల్లగా ఉంటుందో నీకు తెలుసు. నాకు మొదటిసారి అది సరిపోయింది.

నా తమ్ముడికి ఇక చెప్పు. వాణ్ణి ఏడవకుండా వినమను.

విచారణలో నేను వ్యతిరేకంగానే మాట్లాడతాను. ఆశలు పెట్టుకోకు.

వదిన

*

పెద్ద వీధి
జూలై 12

మరదలికి,

నా తమ్ముడు ఫోనులో ఏడవలేదు. దానికి బదులు గంటసేపు కళ్లకు ఏ కూరలు మంచివో చెప్పాడు. ఏడ్చినా బాగుండేది.

విచారణ సంగతి నీకు మీ ఆఫీసు వాళ్లు చెప్పి ఉంటారు. సగమే చెప్పి ఉంటారు, కాబట్టి నేను చెబుతున్నాను.

హాలు నిండిపోయింది. సంఘం వినతిపత్రం రాయించి, మూడు వందల నలభై సంతకాలు పెట్టించి, పట్టుగుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. వేదిక మీదికి వెళ్లి విప్పాను. ఇంట్లో భూతద్దం పెట్టుకుని చదివి, కంఠతా పట్టాననే అనుకున్నాను. అక్కడికి వెళ్లేసరికి మొదటి మాట రాలేదు. కాగితం వంక చూశాను. నాలుగు అంచులూ కనబడ్డాయి. మధ్యలో ఏమీ లేదు.

"చదవండి టీచరు గారూ" అన్నాడు ఇనప సామాన్ల కొట్టాయన.

"కనబడటం లేదు" అన్నాను.

ఎవరో లేచి లైట్లు వేశారు. ఇంకా కనబడలేదని చెప్పాను. కిటికీ తెరలు కూడా తీశారు. ఊళ్లో ఇంత మర్యాద ఉందని నాకు తెలియదు. ఇక లాభం లేదని చెప్పేశాను, లైట్లది తప్పు కాదు, నా కళ్లదని. ఫిబ్రవరి నుంచీ బండి నడపడం లేదని. చూపు తగ్గుతోందని తెలియక అంతకుముందు కొన్నాళ్లు టీచరు సీట్లో కూర్చున్నాననీ, ఆ రోజుల్లో నా దగ్గర నేర్చుకున్నవాళ్లకు క్షమాపణలనీ చెప్పాను.

తర్వాత ఏం మాట్లాడానో వరసగా గుర్తులేదు. ముప్ఫై ఒక్కేళ్లు ఈ ఊరికి బండి నడపడం నేర్పాను గానీ, బండి లేనివాడు ఈ ఊళ్లో ఎలా బతుకుతున్నాడో అయిదు నెలల కిందటిదాకా చూడలేదన్నాను. ఇక్కడ కూర్చున్న వాళ్లంతా ఏదో ఒకరోజు తాళంచెవి పక్కన పెట్టాల్సిన వాళ్లేనన్నాను. అది కొందరికి నచ్చలేదు.

మీ పెద్దసారు మైకు పట్టుకుని, "అమ్మా, ఇంతకూ మీరు పథకానికి అనుకూలమా, వ్యతిరేకమా?" అన్నాడు.

"వ్యతిరేకమే. బస్సు వెయ్యకుండా వీధి మూస్తే వ్యతిరేకం. బస్సు వేసి కూడా వీధి మూయకపోతే, ఆ కార్ల మధ్య బస్సు కదలదు కాబట్టి, దానికీ వ్యతిరేకం."

పక్కన రాసుకునే గుమాస్తా, "సార్, ఇది ఒక వ్యతిరేకమా, రెండా?" అని అడిగాడు. అది మైకులో వినబడింది. మూడు వందల మందీ నవ్వారు. మీ పెద్దసారు నవ్వలేదు.

బయటికొచ్చాక ఇనప సామాన్ల కొట్టాయన, "మా తరఫున పంపితే మా కొంపే ముంచారు" అని మొహం మీదే అన్నాడు. ఆ మాట తప్పు కాదు. వాళ్ల మాట చెప్పమని పంపారు, నేను నా మాట చెప్పాను. సంఘం పెద్దరికం అక్కడే వదిలేశాను. బట్టల కొట్టావిడ కూడా పలకడం లేదు. రొట్టెల కొట్టాయన మాత్రం పలకరించాడు. పొగ అనే మాట నేను వేదిక మీద వాడానట, ఆయనకు సంతోషంగా ఉంది.

స్కూలు బోర్డు నిన్న దింపించాను. మీ అన్నయ్యగారు స్వయంగా రాసిన అక్షరాలు. దింపేటప్పుడు ఎదురుగా నిలబడలేదు, పక్కనుంచి చూశాను. పక్కనుంచి బాగానే కనబడ్డాయి.

వదిన

*

ప్రణాళికా కార్యాలయం, మూడో అంతస్తు
సెప్టెంబర్ 19

వదినగారికి,

తుది నిర్ణయం నిన్న వెలువడింది. పెద్ద అక్షరాలతో, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

బస్సు ముందు వస్తుంది, నవంబర్లో. అది మూడు నెలలు సరిగ్గా నడిచిందని తేలాకే వీధిలో కార్లు ఆపుతారు. ఆ మాట రాయించింది మీ ప్రసంగమని చెప్పాలని ఉంది గానీ నిజం అది కాదు. బస్సు తీసెయ్యాలంటే మీ ముప్ఫై ఎనిమిది కాగితాలకూ ఒక్కోదానికి కారణాలతో తిరస్కరణ రాయాలి. పెద్దసారు పదకొండో తిరస్కరణ దగ్గర, కవలపిల్లల తల్లి దగ్గర, పెన్ను కింద పెట్టేశారు. "బస్సు వెయ్యడమే తేలిక" అన్నారు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

పోయినవి కూడా చెబుతాను. తొమ్మిది వందల మీటర్లలో ఆరు వందలే మిగిలాయి. ఇనప సామాన్ల కొట్టు వైపు మూడు వందలూ వదిలేశారు, లారీలు రావాలని. అది సబబే. కార్ల మైదానంలో ఇళ్లు మాత్రం పూర్తిగా కొట్టేశారు. అందుకు నాలుగు రోజులు అన్నం సయించలేదు. అక్కడ నూట ఇరవై కాపురాలు ఉండేవి, వదినగారూ. ఒక్కో గదికీ కిటికీ ఎటుండాలో కూడా గీశాను. వాళ్లంతా ఇప్పుడు మాలాగే ఊరి చివరికి పోతారు.

పరీక్ష మూడోసారి పాసయ్యాను. విచారణ తర్వాత మీరు ఫోనులో క్లచ్చు గురించి చెప్పినవన్నీ ఒక కాగితం మీద ఎక్కించి బండిలో అంటించుకున్నాను. మాస్టారు అది చదివి, "ఎవరో పని తెలిసినవాళ్లే చెప్పారు" అన్నాడు.

మిమ్మల్ని ఒక్క మాట అడగాలి. మా దగ్గరికి వచ్చి ఉండమని మీ తమ్ముడు నన్ను రాయమంటున్నాడు. రాస్తున్నాను. కానీ ఇక్కడికి వస్తే మీరు గుమ్మం దాటలేరు. అందుకని రమ్మనడానికి నాకు నోరు రావడం లేదు. పట్టణాలు గీసే మనిషిని, సొంత వదినను ఇంటికి పిలవలేకపోతున్నాను.

మీ మరదలు

*

పెద్ద వీధి
మార్చి 21

మరదలికి,

ఇది టైలరు గారి చేతిరాత. నేను చెబుతుంటే ఆయన రాస్తున్నాడు. నీ ఉత్తరాలన్నీ ఈ చలికాలమంతా ఎవరో ఒకరు చదివి పెడుతున్నారు, జవాబులు మాత్రం ఫోనులో చెబుతూ వచ్చాను. ఈసారి రాయించాలనిపించింది.

మీ ఇంటికి నేను రాను. నువ్వు సిగ్గుపడక్కర్లేదు. ఇక్కడ నాకు రోజు సరిపోవడం లేదు.

నవంబర్లో బస్సు మొదటిసారి ఎక్కినప్పుడు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముప్ఫై ఒక్కేళ్లలో పెడలు లేని సీట్లో కూర్చోవడం అదే మొదలు. చివరి స్టాపులో డ్రైవరు "దిగండమ్మా" అంటే, దిగనని చెప్పి మళ్లీ వెనక్కి వచ్చాను. మలుపు దగ్గర అతను కాస్త తొందరపడతాడు. చెప్పాను. ఇప్పుడు నన్ను చూడగానే మలుపులో నెమ్మదిస్తాడు.

కార్లు ఆగి నెల అయింది. మొదటి వారం వీధి బోసిగా ఉంది, అందరూ నీకు శాపనార్థాలు పెట్టారు. రెండో వారం రొట్టెల కొట్టాయన రెండు బల్లలు బయట వేశాడు. ఇప్పుడు సాయంత్రాలు మనుషుల గొంతులు వినబడుతున్నాయి. ఇదివరకు ఈ వీధిలో ఇన్ని గొంతులు ఉన్నాయని ఎవరికీ తెలియదు, హారన్లు వినబడేవి. బట్టల కొట్టావిడ పలికింది. ఇనప సామాన్ల కొట్టాయన ఇంకా పలకలేదు గానీ, బల్ల మీద నా పక్కనే కూర్చుని పలకడం మానేస్తున్నాడు.

అన్నీ బాగున్నాయని రాస్తే నమ్మవు. చెట్లు అర్ధగజం ఎత్తున్నాయి, నీడ ఇచ్చేసరికి నేను ఉండను. నా చూపు ఇంకొంచెం తగ్గింది. వీధిలో ఏం జరుగుతోందో టైలరు గారే చెబుతాడు. నిన్న గుర్రం వెళ్తోందన్నాడు. కార్లు పోయి నెలే అయింది, అప్పుడే గుర్రాలెక్కణ్ణుంచి వస్తాయి? ఈ వాక్యం ఆయన రాయనన్నాడు. పట్టుబట్టి రాయించాను.

ఇళ్ల పథకం పోయిందని కుంగిపోకు. మళ్లీ గియ్యి. ఈసారి ఎవరు అడ్డుపడాలో ముందే చెప్పు, మనుషులను పోగుచేస్తాను.

నీకూ నా తమ్ముడికీ పని ఎక్కువని తెలుసు. రాకపోయినా నేనేం అనుకోను.

వదిన

అమ్మా, నేను టైలరును. ఆవిడ సంతకం పెట్టి లోపలికి వెళ్లారు. కింద ఈ నాలుగు ముక్కలు ఆవిడకు తెలియకుండా రాస్తున్నాను. ఆవిడకు కనబడదు కాబట్టి కుదిరింది. గుర్రం నిజంగానే వెళ్లింది. అది అలా ఉంచండి. 'రాకపోయినా ఏం అనుకోను' అని రాయించారు గానీ, ప్రతి ఆదివారం మీ ఊరి నుంచి వచ్చే రైలు వేళకు బస్సెక్కి స్టేషను దాకా వెళ్లి వస్తున్నారు. అడిగితే గాలి మార్పు అంటారు. మీరు వచ్చే ఆదివారం రండి. ఒక్క విషయం గుర్తుంచుకోండి. స్టేషను గేటు దగ్గర నిలబడతారు గానీ మీ మొహాలు పోల్చుకోలేరు. మీరే ముందు పిలవండి.